అత్తిపత్తి

సముద్రానికి ఎదురుగా ఉన్న ఓడల షావుకారు మేడ ఇప్పుడు మ్యూజియం. అందులో వంటగదికి ఒకావిడ కాపలా. పొద్దస్తమానం ఆవిడ నోట ఒకటే మాట: "ముట్టుకోకండి." అందుకే తోటివాళ్లు ఆవిడకు అత్తిపత్తి అని, ముట్టుకుంటే ముడుచుకునే ఆ మొక్క పేరే పెట్టారు. పెడితే పెట్టారు, ఆ పేరుతోనైనా పిలుస్తున్నారు. భర్త పోయాక ఇంట్లో ఆపాటి పిలుపు కూడా లేదు.

వంటగదిలో పొయ్యి దగ్గర వంటమనిషి మైనపుబొమ్మ ఒకటి ఉంది. "అచ్చం ప్రాణం ఉన్నట్టే ఉందే!" అని వచ్చినవాళ్లంతా దాని ముందు నోరెళ్లబెడతారు. పక్కనే కుర్చీలో ప్రాణంతో కూర్చున్న మనిషిని మాత్రం చూసిన పాపాన పోరు. ఒళ్లు మండి, ఆవిడ ఆ బొమ్మ ముక్కు మీద దుమ్ము పేరుకున్నా తుడవకుండా వదిలేసేది.

ఒక వానరోజు, చూపు సరిగా ఆనని ఓ ముసలావిడ కోడలితో వచ్చింది.

"లోపల మైనపుబొమ్మ ఉందట, చూడండి అత్తయ్యా," అంది కోడలు గుమ్మం దగ్గర గొడుగు ముడుస్తూ.

ముసలావిడ తిన్నగా కుర్చీ దగ్గరికి నడిచి, వంగి, అత్తిపత్తి చెంప మీద అరచెయ్యి ఆనించింది.

"ఎంత బాగా చేశారే! వెచ్చగా కూడా ఉంది."

"అయ్యో అత్తయ్యా, ఆవిడ మనిషి!" కోడలు నాలుక కరుచుకుంది.

ముసలావిడ గతుక్కుమని చెయ్యి తీసెయ్యబోయింది. ఏళ్ల తరబడి అలవాటైన ఆ ఒక్క మాట అత్తిపత్తి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "పర్లేదమ్మా, కాసేపు ఉంచండి," అంది.