కుంటి ఏడు

మా బావని అందరూ సుత్తి మేస్త్రి అంటారు. వాగి వాగి చంపే మనిషని కాదు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కార్లకి పడ్డ సొట్టలు తీయడం ఆయన పని. రేకు వెనక ఇనప దిమ్మ పెట్టి, ముందు నుంచి చిన్న సుత్తితో టకటకా కొడుతూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతాడు. కంటికి కనపడని సొట్ట ఆయన చేతికి తెలుస్తుంది. నడిచేటప్పుడు ఎడమ కాలు ఈడుస్తాడు. పాతికేళ్ళ కిందట జాకీ జారి కారు ఆ కాలి మీద పడింది. ఆ రోజు గడ్డపార వేసి కారు లేపి, బావని బయటికి లాగినవాడు చెవుల మేస్త్రి.

చెవుల మేస్త్రి ఇంజన్ల మనిషి. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెప్పేస్తాడు. అందుకే ఆ పేరు. ఇద్దరిదీ ఒకే షెడ్డు. ముందు సగం బావది, వెనక సగం ఆయనది, మధ్యలో గోడ లేదు. ముప్పై ఏళ్ళుగా టీ చెప్పినా చెరి సగమే. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు 'ఆయన' అనడానికి కూడా నోరు రావడం లేదు గానీ, చెప్పాలి కాబట్టి అంటున్నాను.

నా సంగతీ చెప్పాలి. వాహనాలు రిజిస్టరు చేసే ఆఫీసు గేటు పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ, పెద్ద గొడుగు. అదే నా దుకాణం. దరఖాస్తులు నింపుతాను, బీమా కాగితాలు రాస్తాను. నా నోట్లో నువ్వు గింజ నానదని మా అక్క, అంటే బావ భార్య, ఎప్పుడూ దెప్పుతుంది. నిజమే. కానీ కాగితం విషయంలో నా అంత జాగ్రత్త ఎవరికీ లేదు. ప్రతి బండికీ ఇంజను నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రని దరఖాస్తుకి అంటించాలి. అందరూ ఒక్కటే తీస్తారు. నేను రెండు తీస్తాను. ఒకటి ఆఫీసుకి, రెండోది నా ట్రంకు పెట్టెలోకి. ఆఫీసులో కాగితాలు పోవడం ఎన్నిసార్లు చూడలేదు!

పద్నాలుగేళ్ళ కిందట బావ ఒక కారు కొన్నాడు. దాన్ని కారనడం మర్యాద కోసమే. ఎవరిదో గోదాములో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న రేకుల కుప్ప. అప్పటికే దానికి ముప్పై ఏడేళ్ళు. మా అక్క చుట్టూ తిరిగి చూసి, "దీన్ని తీసుకెళ్ళినందుకు మీకేమైనా ఎదురిచ్చారా?" అని అడిగింది. బావ నవ్వి ఊరుకున్నాడు. కారుని బావ పేరుకి మార్పించడానికి ముద్ర తీసింది నేనే. ఇంజను నంబరులో నాలుగో అంకె ఏడు. ఫ్యాక్టరీలో అచ్చు విరిగిందో ఏమో, ఆ ఏడుకి కాలి చివర లేదు. "బావా, ఇదీ నీలాగే కుంటిదే!" అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడు కనపడ్డా "నీ కుంటి ఏడు ఎలా ఉంది బావా?" అని నేను అడగడం, "నడుస్తుందిలే" అని ఆయన అనడం. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

పద్నాలుగేళ్ళు ఊరి వాళ్ళ కార్లన్నీ బాగుచేసి, మిగిలిన పొద్దులో ఆ కారు మీద పడేవాడు. సొట్టలో లప్పం నింపి రంగు పూయడం ఎవడైనా చేస్తాడు. బావ ఒక్క చెంచాడు లప్పం వాడలేదు. ప్రతి అంగుళం రేకునీ కొట్టి కొట్టి మొదటి ఒంపుకి తెచ్చాడు. సీట్లకి గుడ్డ మా అక్క కుట్టింది. మీగడ రంగు కూడా తనే ఎంచింది. గాలికి జుట్టు చెదరకూడదని ఒక స్కార్ఫు కొని బీరువాలో దాచుకుంది. "ముందు కారుకి ఊపిరి రానీవే" అని నేను ఏడిపించేదాన్ని.

ఇంజను మాత్రం చెవుల మేస్త్రి చేతిలో పెట్టాడు. అది ఆరేళ్ళ కిందటి మాట. "నాకొదిలెయ్రా. అరిగిన సిలిండర్లు బోరు చేయించి, కొత్త పెళ్ళికూతుర్ని చేసి పంపిస్తా" అన్నాడాయన. తొమ్మిది నెలలు ఉంచుకున్నాడు. బిగించి తిప్పితే పిల్లిలా గురుగురుమంది. కూలి తీసుకోలేదు. మా అక్క దండం పెట్టినంత పని చేసింది. సరిగ్గా ఆ ఏడాదే ఒక పెద్ద షావుకారు తన పన్నెండు పాత కార్లనీ చెవుల మేస్త్రికి అప్పగించాడు. మావాడికి మంచి రోజులొచ్చాయని బావ అందరికీ టీ ఇప్పించాడు. వెర్రిబాగులవాడు!

ఈ ఏడాది కొత్త రూలు వచ్చింది. వయసు మీరిన బండి నెలాఖరు తర్వాత రోడ్డెక్కకూడదు. ఒక్కటే దారి ఉంది. యాభై ఏళ్ళు దాటి, బాడీ, ఇంజను మొదటివే అయితే, దాన్ని పాతకాలపు అపురూప వాహనంగా వేరే నంబరుతో రిజిస్టరు చేస్తారు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ తప్ప తీయకూడదు. బీమా కూడా వేరే. మామూలు బీమాలో బండి ముసలిదయ్యే కొద్దీ విలువ తరిగి, చివరికి పాత ఇనుము ధరకొస్తుంది. ఇందులో అలా కాదు, నిపుణుడు వచ్చి చూసి, ఇదీ దీని విలువ అని ముందే ఒప్పుకుని రాసిస్తాడు. ఆ నంబరు రాకపోతే పద్నాలుగేళ్ళ పనీ షెడ్డు దాటదు. వస్తే మొదటి ర్యాలీలో ముందు సీటు మా అక్కది.

ఆ నంబరు కోసం చేసే ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు పొద్దున్నే ముద్ర తీసుకొచ్చాను. పాత కాగితాలు జత చేయాలి కాబట్టి ట్రంకు పెట్టె తెరిచి, మొదటి ముద్రని పక్కన పెట్టాను. అంకెలన్నీ అవే. కానీ కొత్త ముద్రలో ఏడు రెండో మనిషి సాయం అక్కర్లేనట్టు నిటారుగా నిలబడి ఉంది. కాలు చివరిదాకా ఉంది. ఇనుములో దిగిన అంకెకి కాలు మొలుస్తుందా? ఇది మన ఇంజను కాదు. వేరే ఇంజను మీద నంబరు అరగదీసి, మనది కొట్టారు. కొట్టినవాడి పనితనం మరీ శుభ్రంగా ఉంది, అదే కొంప ముంచింది.

రెండు కాగితాలూ తీసుకెళ్ళి బావ ముందు బానెట్ మీద పరిచాను. బొటనవేలితో ఆ ఏడుని నిమిరాడు.

"బోరు చేయించడానికి బయటికి పంపాడు కదా. అక్కడ మారిపోయిందేమోనే" అన్నాడు.

"మారిపోతే మారింది బావా, మన నంబరు ఎవడు కొట్టాడు? ఇంజను నడుచుకుంటూ వెళ్ళి కొట్టించుకుందా?"

ఆయన రెండు కాగితాలూ మడిచి నా చేతికిచ్చాడు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి! ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను."

"నువ్వు నోరెత్తావంటే నా మీద ఒట్టే. వాడితో నేను మాట్లాడతా" అన్నాడు. ఆ రోజంతా సుత్తి చప్పుడు వినపడలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు, బీమా నిపుణుడు కలిసి వచ్చారు. మా అక్క అప్పుడే స్కార్ఫు కట్టుకుని వచ్చి నిలబడింది. తనకింకా చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు జేబులోంచి అయస్కాంతం తీసి కారు పొడుగునా ఆనించుకుంటూ వెళ్ళాడు. లప్పం ఉన్న చోట అది అతుక్కోదు. ఒక్క చోట కూడా జారలేదు. "ఏం చేతులయ్యా నీవి! ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అన్నాడు. బీమా నిపుణుడు అప్పటికే నాలుగు వైపులా ఫోటోలు తీసి, విలువ రాయడానికి కలం తీశాడు. రిజిస్ట్రేషను పుస్తకంలో నంబరు, ఇంజను మీద నంబరు సరిపోయాయి. ఇక మిగిలింది ఆఖరి గడి ఒక్కటే. ఇంజను మొదటిదేనా, అవునా కాదా? యజమాని రాయాలి, బండి ఎరిగిన మెకానిక్ సాక్షి సంతకం చేయాలి. చెవుల మేస్త్రి అప్పటికే చేతులు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఒక్క నిమిషం సార్" అని బావ ఆయన్ని షెడ్డు వెనక సగంలోకి తీసుకెళ్ళాడు. దరఖాస్తు పట్టుకుని నేనూ వెళ్ళాను.

"ఒరేయ్, విప్పింది నువ్వే, బిగించింది నువ్వే. ఇక్కడ బయటివాళ్ళెవరూ లేరు. ఆ ఇంజను నాదేనా?"

"ఇదేం ప్రశ్నరా? నీది కాకపోతే నా తాతదా?"

"నా మొహం చూసి చెప్పు."

చెవుల మేస్త్రి చూశాడు. రెప్ప కూడా వేయలేదు. చేతులు రెండూ చాపాడు.

"కారు కింద నుంచి నిన్ను లాగిన చేతులురా ఇవి. ఈ చేతుల మీద ఒట్టు. అది నీ ఇంజనే."

బావ ఆ చేతుల వంక ఒకసారి చూసి, కాలు ఈడ్చుకుంటూ ముందుకి వచ్చాడు. "కాదు అని రాయి" అన్నాడు నాతో. ఆ గడిలో అలాగే రాశాను.

"మేస్త్రీ, కాదంటే నంబరు రాదు. తెలుసుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెలుసండీ. ఇంజను మారింది."

"ఎవరు మార్చారు?"

"నాకు తెలీదండీ." అప్పుడు కూడా పేరు చెప్పలేదు మహానుభావుడు. ఇన్‌స్పెక్టరు ఆయన వైపూ, వెనక నిలబడ్డవాడి వైపూ చూసి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించుకుని వెళ్ళిపోయాడు. బీమా నిపుణుడు కలం మూత పెట్టుకున్నాడు.

వాళ్ళు గేటు దాటారో లేదో, చెవుల మేస్త్రి బావ మీద పడ్డాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందా? నోరు మూసుకుని ఉంటే నంబరొచ్చేది. ఎవడికి తెలిసేది?"

ఇంక నా వల్ల కాలేదు. రెండు ముద్రలూ ఆయన మొహం ముందు పెట్టాను. "ఈ కుంటి ఏడుకి తెలుసు! చదవడం వచ్చుగా, చదువు. షావుకారు గ్యారేజీలో ఉందిగా మా ఇంజను? పన్నెండు కార్లు ఊరికే చేతికొచ్చాయా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదా, నీకు అన్నం ఎలా సయించింది?" ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. షావుకారు తన కారుకి అచ్చం ఇలాంటి ఇంజనే కావాలని అడిగాడని, కాదనలేకపోయానని, తర్వాత చెబుదామనుకున్నానని ఏదో గొణిగాడు. ఆరేళ్ళు పట్టిందట, ఆ 'తర్వాత' రావడానికి.

మా అక్కకి అప్పుడు అర్థమైంది. స్కార్ఫు విప్పి, బానెట్ మీద పడ్డ వేలిముద్రలు దాంతోనే తుడవడం మొదలుపెట్టింది.

"నువ్వుండవే" అని బావ నన్ను పక్కకి జరిపాడు.

"నిన్న ఈ కాగితాలు చూశాకే నిన్ను అడిగానురా. నంబరు కోసం కాదు. 'తప్పయిపోయింది' అని నువ్వు ఒక్క మాట అనుంటే, ఆ గడిలో అవునని నేనే రాయించేవాణ్ణి."