మఫ్రఖ్ క్యాంపులో పగటి ఏసీ

కరెంటు ఎక్కడ పొదుపు చేయొచ్చో పరిశోధించడం నా ఉద్యోగం. అబుదాబి శివార్లలోని మఫ్రఖ్‌లో ఒక కార్మికుల క్యాంపు మీటర్లు చూస్తే, వేసవిలో పగలంతా ఏసీలు నడుస్తూనే ఉన్నాయి. అందరూ పనికి వెళ్ళాక ఖాళీ గదులకు చల్లదనమా, ఎంత దండగ! అనుకున్నాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఏసీలు ఆగిపోయేలా టైమర్లు పెట్టమని నివేదికలో రాసేశాను. క్యాంపు నడిపే ముదీర్, అంటే మేనేజరు, వెంటనే ఒప్పుకున్నాడు. సోమవారం బిగిస్తారు. నివేదికలోకి నాలుగు ఫొటోలు తీసుకుందామని గురువారం బయలుదేరాను.

నేనుండేది షార్జాలోని రోలాలో. ఆరున్నరకల్లా నడిచి బస్టాండుకు వెళ్ళి అబుదాబి బస్సెక్కాను. టికెట్టు ముప్పై అయిదు దిర్హాములు, ప్రయాణం రెండున్నర గంటలు. అక్కడి నుంచి మఫ్రఖ్‌కు టాక్సీలో కాస్త వెనక్కి రావాలి, మీటరు డెబ్బై దాటింది. డ్రైవరుది కడప. నా పని సంగతి విని నవ్వాడు. "కరెంటు దండగ సూడాలంటే క్యాంపుకెందుకు సార్? మాల్‌కు పోదాం రాండి. తలుపులు బార్లా తెరిచి చల్లగాలి రోడ్డు మీదికి వదుల్తాంటారు." నాకు ఒళ్ళు మండింది. నాకే పాఠాలా అనుకున్నాను.

పదిన్నరకు క్యాంపు చేరాను. వరండాలో చీమ చిటుక్కుమనడం లేదు. గదులన్నీ ఖాళీయే కదా, చప్పుడుకు కాపలా మనిషైనా వస్తాడని ఒక తలుపు దబదబా బాదాను. లుంగీ మీద, ఎర్రటి కళ్ళతో ఒకాయన తెరిచాడు.

"ఎవలికన్న ఏమన్న అయ్యిందా సార్?" అన్నాడు కంగారుగా.

ఆయన వెనక చీకట్లో మంచాల మీద మరో ఏడుగురు. ఇద్దరు అప్పటికే లేచి కూర్చున్నారు. ఆయన పేరు లింగయ్య, ఊరు జగిత్యాల దగ్గర. "ఎండలు ముదిరినంక మాకు పని రాత్రే సార్. ఆరింటికొచ్చి పండుకుంటం. మీరు దేనికొచ్చిన్రు?"

అబద్ధం చెప్పాలనిపించింది, కానీ చెప్పలేకపోయాను. టైమర్ల సంగతి విని లింగయ్య పైకప్పు రేకుల వైపు చెయ్యి చూపాడు.

"పగటీలి బంద్ జేస్తే ఈ రేకుల కింద ఎట్ల పండుకుంటం సార్? నిద్ర లేకుంట రాత్రి ఎనిమిదో అంతస్తు మీద నిలబడితె ఖలాస్. కిందనే పడి ఉంటం."

సిగ్గుతో నా తల వాలిపోయింది. అక్కడి నుంచే ముదీర్‌కు ఫోన్ చేసి, నేను రాసింది తప్పు, టైమర్లు పెట్టొద్దని చెప్పాను. రాత్రి షిఫ్టు సంగతి మీకు తెలియదా అని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన హిందీలో తాపీగా అన్నాడు, తెలుసునట. చదువుకున్నవారు, అన్నీ చూసే రాసి ఉంటారనుకున్నాడట. టైమర్లు బిగించడం ఆగింది.

తిరుగు బస్సులో నివేదిక మళ్ళీ చదివాను. 'ఖాళీ గదులు' అని పదకొండు చోట్ల రాశాను, ఒక్క గదీ చూడకుండా. ఒక్కొక్కటే కొట్టేస్తూ షార్జా చేరాను. ఫొటోలు తీయడం మరిచేపోయాను.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద క్యాంపుకు వెళ్తుంటే సాయంత్రం అయిదు తర్వాత వెళ్ళండి. అప్పటికి లేచి టీ తాగుతుంటారు, తీరిగ్గా మాట్లాడతారు. పగలు వెళ్ళక తప్పకపోతే మాత్రం తలుపు కొట్టకండి, మనుషులు పడుకుని ఉంటారు.