ఇటువైపు ఎవరూ రాలేదన్నాను

ఒక ముసలాయన చావు నా దగ్గర ఉండిపోయింది. ఏళ్ళయింది. కొండమీద కాలుజారి పడి పోయాడని ఊరంతా నమ్మింది, పోలీసులు నమ్మారు, ఆయన కన్నకూతురూ నమ్మింది. కాదని తెలిసినవాళ్ళం ఇద్దరం. అందులో ఒకడు ఈమధ్యే జబ్బుచేసి పోయాడు. ఇక మిగిలింది నేను.

నా పేరు అడక్కండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే మీకెందుకు చెబుతాను, తిన్నగా స్టేషనుకే పోయేవాణ్ణి. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట నా గొంతు దాటి రాదు. ప్రయత్నించాను. నా భార్య ముందు ఒకసారి నోరు తెరిచి, కూరలో ఉప్పు చాల్లేదని చెప్పి ఊరుకున్నాను.

నాది ఆనందపురం దగ్గర ఒక చిన్న ఊరు. కొండ కింద పొలం. చామంతి, బంతి వేస్తాను. తెల్లారకుండా కోసి జంక్షన్‌లో మార్కెట్టుకు వేస్తాను. పొలం చివర మోటారు షెడ్డు, అది దాటితే జీడితోట, ఆ పైన కొండ. నాకు కోపం ఎక్కువ. ఒకప్పుడు అది నాకు తప్పనిపించేది కాదు. 'ఆడికి కోపమొత్తే ఒళ్ళు తెలీదు' అని ఊళ్ళో జనం అంటుంటే లోలోపల మురిసిపోయేవాణ్ణి. మగాడన్నాక ఆమాత్రం ఉండాలి అనుకునేవాణ్ణి. ఏం మగతనమో!

ఆ ఏడు మా పక్క మోటార్లలో రాగి దొంగతనాలు ఎక్కువయ్యాయి. కేబుళ్ళు కోసుకుపోయేవారు, మోటారు విప్పి లోపలి చుట్టలు లాక్కుపోయేవారు. నా మోటారుకే రెండుసార్లు జరిగింది. రెండోసారి నీళ్ళు లేక చామంతి మొత్తం నిలువునా ఎండిపోయింది. టీ కొట్టు దగ్గర అందరం కూర్చుని అనుకున్నాం, దొంగ దొరికితే ముందు కాళ్ళు విరగ్గొట్టాలి, పోలీసుల సంగతి తర్వాత అని. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. నేనూ సన్నిబాబూ పొలానికి వస్తున్నాం. సన్నిబాబు నాకు వరసకు బావ, పక్క పొలం వాడిదే. చూస్తే షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒక ముసలాయన. వెలిసిపోయిన నీలం చొక్కా, లావు కళ్ళద్దాలు. స్టార్టర్ పెట్టె తెరిచి, చేతిలో టెస్టరుతో వంగి తీగలు చూసుకుంటున్నాడు. మేం వచ్చిన అలికిడికి కూడా తల తిప్పలేదు. కాలరు పట్టి బయటికి ఈడ్చాను. జేబు బరువుగా వేలాడుతోంది. చెయ్యి పెట్టి చూస్తే నా మోటారు ఫ్యూజులు, మూడూ. ఇంకేం కావాలి నాకు?

పార కర్ర చేతికందింది. మొదటి దెబ్బ భుజం మీద వేశాను. రెండోది డొక్కలో. మనిషి ముడుచుకుపోయి కిందపడ్డాడు. 'పర్మిట్ ఉంది సార్, పర్మిట్ ఉంది' అన్నాడు. ఏం పర్మిట్టో, ఎవరికి సారో నాకు తెలియదు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. దొంగముండాకొడుకు నా పొలంలో నిలబడి నాకే పర్మిట్టు చెబుతాడా అని ఇంకా రెచ్చిపోయాను. నోటిమీద కొట్టాను. రక్తంతో పాటు ఒక పన్ను ఊడి పడింది. కళ్ళద్దాలు ఎగిరిపోతే వాటికోసం చేతులతో నేల తడుముకుంటున్నాడు. ఆ వేళ్ళమీద తొక్కాను. ఆ తర్వాత మోకాలు మీద, కర్ర రెండు చేతులా ఎత్తి. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరిచిన అరుపు మాత్రం నేను రాయలేను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటిపోదామని చూశాను, కానీ అది చెప్పకపోతే మిగతాదంతా దండగ. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. ఎండిపోయిన చామంతి, మార్కెట్టులో పడ్డ మాటలు, ఇంట్లో గొడవలు, అన్నీ ఆ కర్రలోంచి బయటికి పోతున్నట్టు, ఒళ్ళు తేలికవుతున్నట్టు ఉంది. ఆయన దొంగే అయి ఉంటే ఆ హాయి తప్పు కాకుండా పోయేదా? చాలాసార్లు నన్ను నేనే అడిగి చూసుకున్నాను. పోదు. దొంగే అయి ఉంటే నేను ఈ ప్రశ్న ఎప్పటికీ వేసుకునేవాణ్ణి కాదు, అంతే తేడా.

సన్నిబాబు నన్ను వెనకనుంచి వాటేసుకుని లాగాడు. 'ఒగ్గీ బావ, సచ్చిపోతాడు, ముసిలోడు' అన్నాడు. నేను బూతులు తిడుతూనే ఉన్నాను. ఆయన షెడ్డు గోడ పట్టుకుని లేచాడు. ఒక కాలు నేలమీద ఆనడం లేదు. కాలు ఈడ్చుకుంటూ, చెట్టు చెట్టూ పట్టుకుంటూ, జీడితోటలోకి వెళ్ళిపోయాడు. 'మళ్ళీ కనబడితే సంపేత్తాను' అని అరిచాను. ఫ్యూజులు పెట్టి స్విచ్చి వేశాను. అంతకుముందు వారంగా ఆ మోటారు గుర్రుమని ఆగిపోతూ ఉండేది. ఆ రోజు ఒక్క పట్టున నీళ్ళు తోడింది. అప్పుడైనా నాకు బుర్ర పనిచేసిందా? లేదు. మడులకు నీళ్ళు కట్టుకుని, ఇంటికి పోయి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్న ఒకమ్మాయి స్కూటీ మీద పొలం గట్టుదాకా వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి. జుట్టు దువ్వుకోలేదు, ముఖం పీక్కుపోయి ఉంది. ఫోను నా ముందు పెట్టింది. ఆ నీలం చొక్కా, ఆ కళ్ళద్దాలు. ఫొటోలో నవ్వుతున్నాడు.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషమండి. ఈయన మా నాన్నగారండి. మాది దువ్వాడ. నిన్న పొద్దున్న ఇంట్లోంచి వెళ్ళిపోయారండి. మతిమరుపు జబ్బండి, ఇంకా డ్యూటీ ఉందనుకుంటారు. ఇక్కడ జంక్షన్‌లో బస్సు దిగడం ఎవరో చూశారంట. మీకేమైనా కనిపించారేమోనని..."

"నాను సూళ్ళేదమ్మా."

"సరిగ్గా చూడండి అన్నయ్యగారూ. స్టీలుప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేశారండి. ఎక్కడ కరెంటు పెట్టె కనబడినా తెరిచేస్తారు, రిపేరు చెయ్యాలంటారు, పని చెయ్యడానికి ఆఫీసరు పర్మిట్ ఇచ్చాడంటారు. ఆ ఒక్క ఇబ్బందే గానీ, చీమకైనా హాని చెయ్యరండి. పుట్టింది గోదావరి పక్క, ఇక్కడి కొండలూ దారులూ ఏమీ తెలీవు ఆయనకి. ఎక్కడైనా పడిపోయి ఉంటే పిలిచినా పలకలేరేమో."

"ఇటేపు ఎవులూ రాలేదమ్మా. వత్తే మాకు తెలీకుండా ఉంటాదేటి? రోడ్డవతల ఎతుకు. ఆ ఇటుక బట్టీల కాడ ఎతుకు."

అంతే మాట్లాడుకున్నాం. కొట్టడం కోపంలో జరిగింది. ఇది కోపం కాదు. ఆ అమ్మాయి నోట కరెంటు పెట్టె అన్న మాట విన్నాక, నేను ఎవర్ని కొట్టానో స్పష్టంగా తెలిశాక, బాగా ఆలోచించి చెప్పిన అబద్ధం. జైలు కళ్ళముందు ఆడింది. ఊళ్ళో తల ఎలా ఎత్తుకోవడం అనుకున్నాను. ఆవిడ 'థాంక్సండి అన్నయ్యగారూ' అని చెప్పి, నేను చూపించిన వైపే స్కూటీ తిప్పింది.

అక్కడితో ఆగానా? వాళ్ళ కాలనీ వాళ్ళు, మా ఊరి కుర్రాళ్ళు కలిసి వెతకడానికి బయల్దేరితే నేనే ముందు నడిచాను. కాలవలు, బట్టీలు, పాడుబడ్డ పంపు హౌసులు అన్నీ చూపించాను. కొండవైపు ఎవరో తల తిప్పితే, ముసలాయన ఎండలో అటెందుకెక్కుతాడు అని నేనే అన్నాను. సన్నిబాబు నా ముఖం చూడకుండా నడిచాడు. వాడి భయం వాడిది, కర్రకు అడ్డుపడ్డవాడు వాడే అయినా కేసులో ఇద్దరం ఉంటామని వాడికి తెలుసు.

ఆ సాయంత్రం అందరూ అటు ఉండగా నేనొక్కణ్ణే జీడితోట అంచుదాకా వెళ్ళాను. నీళ్ళ సీసా పట్టుకునే వెళ్ళాను. కంచె దగ్గర ఆగిపోయాను. ఏమని పిలవను? ఆయన పేరు కూడా అడగలేదు ఆ అమ్మాయిని. 'ఓ పెద్దాయనా' అన్నాను, నాకే వినపడనంత నెమ్మదిగా. ఎక్కడో పైన ఎండుటాకులు కదిలాయి. మనిషో, పందో, గాలో తెలీదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. చచ్చి ఉంటాడని భయపడి వచ్చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఛ, అబద్ధం. బతికి ఉంటాడేమోనని భయపడ్డాను. బతికి ఉంటే నన్ను చూపిస్తాడు.

ఆ తర్వాత జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళిన ఆడవాళ్ళు చూశారు. కొండ మొదట్లో ఒక పెద్ద బండ కింద పడి ఉన్నాడు. నేనూ వెళ్ళాను, వెళ్ళకపోతే బాగుండదని. ముఖం ఉబ్బిపోయి నల్లబడింది, చీమలు పట్టాయి, ఒక పక్క నక్కలో కుక్కలో పీకాయి. చొక్కా చెయ్యి చింపి, రెండు కర్రపుల్లలు పెట్టి, విరిగిన మోకాలికి తనే కట్టు కట్టుకున్నాడు. మతి లేని మనిషికి అది గుర్తుంది. ఎండిన పెదాలకు మట్టి అంటి ఉంది. తడి ఉందేమోనని నేల నాకి ఉంటాడని ఒకావిడ అంది. నేను పక్కకు పోయి వాంతి చేసుకున్నాను. సున్నితమైన మనసు పాపం అన్నారు మావాళ్ళు.

పన్ను ఊడటం, పక్కటెముకలు, మోకాలు, అన్నీ బండమీంచి పడటం వల్లే అని తేల్చేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరు చెప్పిన ఇంకో మాట మాత్రం ఊళ్ళోకి వచ్చింది. పడ్డ రోజే పోలేదట. మర్నాడు చీకటి పడేదాకా ప్రాణం ఉండి ఉండవచ్చట. అంటే ఆ అమ్మాయి ఫోను పట్టుకుని నా గట్టు మీద నిలబడ్డప్పుడు ఆయన బతికే ఉన్నాడు. కంచె దగ్గర నేను నీళ్ళ సీసాతో నిలబడ్డప్పుడు కూడా ఉన్నాడేమో. కర్రతో సగం చంపాను. మిగతా సగం ఒక్క మాటతో చంపాను.

ఫ్యూజుల సంగతి చాలా రోజుల తర్వాత తెలిసింది. మా లైనుమాన్ మోటారు చూడ్డానికి వచ్చి, ముందు ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. 'ఇయ్యి నా కాడుంటే నా పేణం నా కాడున్నట్టు బావ, లేపోతే ఎవుడో ఒకడు తెలీక సిచ్చి ఏసేత్తాడు' అన్నాడు. కరెంటు పని నేర్చినవాడు ఎవడైనా చేసేది అదేనట. నేను దొంగతనానికి సాక్ష్యం అనుకున్నది ఆయన ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యడం. ఆ రోజు లైనుమాన్ వెళ్ళేదాకా షెడ్డు వెనక కూర్చుని గుండెలు బాదుకున్నాను.

ఆ అమ్మాయి ఏటా వస్తుంది, తండ్రి తిథికి. జీడితోట అంచున దీపం పెట్టి, నా దగ్గర చామంతులు తీసుకుంటుంది. డబ్బు తీసుకోను నేను. 'మీరు దేవుడిలాంటివారండి, ఆ రోజు మాతో ఎంత తిరిగారో' అంటుంది. పోయినసారి వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆ పొద్దున్న వీధి తలుపు గడియ వెయ్యకుండా స్నానానికి వెళ్ళిందట. గడియ వేసి ఉంటే నాన్న ఉండేవాడట. ఆ దిగులుతో నిద్రమాత్రలు వేసుకోకుండా కన్ను మూత పడదట, పిల్లల మీద కూడా ధ్యాస నిలవదట. ఇంట్లో గడియ లాగి లాగి చూస్తుందని మొగుడు విసుక్కుంటున్నాడట. తర్వాత కొండవైపు చూస్తూ అడిగింది, 'మెట్లెక్కాలంటేనే భయపడేవారండి ఆయన, ఆ కొండెందుకు ఎక్కారంటారు అన్నయ్యగారూ?' నేను పూలు పొట్లం కట్టి ఇచ్చాను.

సన్నిబాబు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, 'ఆ గుంటకి సెప్పీ బావ, ఆళ్ళ నాన్న సంగతి' అన్నాడు. సరే అన్నాను. చెప్పలేదు. ఇక ఈ నిజం తెలిసిన మనిషి నేనొక్కణ్ణే. రేపు నేనూ పోతే, ఆవిడ చచ్చేదాకా ఆ గడియ పట్టుకునే ఉంటుంది. నేను చేసిన హత్యను తనది అనుకుంటూ.

అందుకే మీకు చెబుతున్నాను. నన్ను క్షమించమని కాదు. మీరెవరు క్షమించడానికి, మీకేం అన్యాయం చేశానని? దువ్వాడలో అలాంటి కుటుంబం మీకు తెలిసి ఉంటే, ఆ అమ్మాయికి చెప్పండి. గడియ వల్ల కాదని చెప్పండి. ఎవరు చెప్పారంటే, చామంతి తోట వాడు చెప్పాడనండి. తెలుస్తుంది ఆవిడకు. పోలీసులతో వస్తే రమ్మనండి, పొలంలోనే ఉంటాను.

కొండెందుకు ఎక్కాడని అడిగింది కదా. ఎక్కాలని ఎక్కలేదమ్మా మీ నాన్న. రోడ్డుకు పోయే దారిలో కర్ర పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ఆయనకు మిగిలింది అటొక్కటే.