అత్త పెళ్లికి అడ్డొచ్చిన జిల్లా

ఆ కాలంలో మాకు పొలం గట్లు కంటికి కనబడేవి గానీ, జిల్లా పొలిమేర మాత్రం మా తాత చెబితేనే తెలిసేది. పిల్లనిచ్చే ముందు ఎవరైనా ఇంటిపేరూ గోత్రమూ అడుగుతారు. మా తాత అవన్నీ అయ్యాక తీరిగ్గా చుట్ట వెలిగించి "ఏ జిల్లా?" అనేవాడు. నెల్లూరు కాకపోతే వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపడమే. మా మేనత్త పెళ్లి ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. మా ఊరు సూళ్లూరుపేటకు దక్షిణాన ఉంది. సంబంధం సత్యవేడు పక్కది, పొద్దున్నే బండి కడితే ఎండ ముదరక ముందే చేరిపోవచ్చు. మా కలెక్టరుండే నెల్లూరు అంతకు నాలుగింతల దూరం. అయినా సత్యవేడు అప్పట్లో మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. అక్కడి కోర్టుకు ఒకసారి సాక్ష్యానికి పోయి, అరవం రాక పడ్డ అగచాట్లు తాత మరిచిపోలేదు. "రేపు బిడ్డకు కష్టమొస్తే నేను ఏ కలెక్టరు కాళ్లు పట్టుకునేది?" అనేవాడు. అత్త మాత్రం ఆ అబ్బాయిని బంధువుల పెళ్లిలో చూసింది (చూసిందంటే, పంక్తిలో సాంబారు వడ్డిస్తూ ఒకసారి తలెత్తింది, అంతే). ఆ తర్వాత ఏ పెళ్లిచూపులకైనా ఆమెకు తలనొప్పే.

అంతలో, సరిహద్దులోని తెలుగు ఊళ్లు మనకూ అరవ ఊళ్లు మద్రాసుకూ పంచేస్తారని కబురు పుట్టింది. మగపెళ్లివాళ్లు ఆగుతామన్నారు. ఇక మా ఇంట్లో వాన కోసం చూసినట్టు సర్కారు ఉత్తర్వు కోసం చూడటం మొదలైంది. అత్త కంటే నాకే తొందర. ఆ పెళ్లికని నాకు పట్టుపావడా కుట్టించి, పెళ్లినాడే కట్టాలని పెట్టెలో దాచారు. సర్కారు నిదానంగా ఆలోచిస్తుంటే నేను గబగబా పెరిగిపోతున్నాను. అత్త పావడా అంచు పైన ఒక్కో మడతా విప్పుతూ వచ్చింది. ఆఖరి మడత మిగిలి ఉండగా, ఈ వైశాఖం దాటితే వేరే సంబంధం చూసుకుంటామని అటునుంచి కబురొచ్చింది.

1960లో ఒకనాడు బళ్లో అయ్యవారు పేపరు చూసి, సత్యవేడు మనకొచ్చేసిందన్నారు. అంతే, పలక అక్కడే పడేసి పరుగెత్తాను. వీధంతా "మా అత్త పెళ్లి" అని చాటుకుంటూ ఇల్లు చేరేసరికి వెనక సగం ఊరు, వాళ్ల వెనక నన్ను పట్టుకోవడానికి అయ్యవారు.

"తాతా, సత్యవేడు మనకొచ్చేసింది."

అత్త చేతిలో కవ్వంతోనే గడపలోకి వచ్చింది. తాత అరుగు దిగాడు. "ఏ జిల్లాలోకి?" అన్నాడు.

(రాష్ట్రం వస్తే జిల్లా దాని వెంబడే వస్తుందనుకున్నాను, దూడ ఆవు వెంట వచ్చినట్టు.) అయ్యవారే ఆయాసపడుతూ "చిత్తూరులో కలిపినారయ్యా" అన్నారు.

"రాష్ట్రం వచ్చినాది, జిల్లా రాలేదు గదా" అని తాత మళ్లీ అరుగెక్కాడు. అత్త లోపలికి పోయింది. నేను భోరుమన్నాను. అత్త కోసమనుకుని అందరూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. నేను ఏడ్చింది పావడా కోసం.

అరుగు మూల కూర్చుని చింతపండు గింజ తీస్తున్న ముసలవ్వ, అంటే తాతను కన్నతల్లి, తలెత్తకుండానే అడిగింది. "అబ్బయ్యా, నా పుట్టిల్లు యాడ?"

"ఒంగోలు పక్క."

"నేను కాపరానికి వచ్చినప్పుడు అది ఏ జిల్లా?"

"నెల్లూరే."

"ఇప్పుడో?"

"గుంటూరు," అన్నారు అయ్యవారు.

"నేనీడ అన్నం వండుకుంటా ఉంటే మా ఊరిని గుంటూరుకు ఇచ్చేసినారు. నాకొక మాట చెప్పింది లేదు. అయినా మా నాయన నన్ను చూడను రాకుండా ఉన్నాడా? జిల్లాలు వాళ్లు మారుస్తానే ఉంటారు. బిడ్డకు కష్టమొస్తే నువ్వు పోవాల్సింది కలెక్టరు కాడికి కాదు, బిడ్డ కాడికి. ఎద్దులుండాయి, బండుండాది."

తాత చుట్ట వెలిగించకుండానే అరుగు దిగి ఎద్దుల దగ్గరికి పోయాడు. వైశాఖంలో పెళ్లయింది. ఆఖరి మడత విప్పినా పావడా నా చీలమండలకు అందలేదు. ఆ తర్వాత తాతకు పని ఉన్నా లేకపోయినా బండి కట్టడమే. "చిత్తూరు జిల్లా దాకా పోయొస్తా" అని, దూరదేశం పోతున్నవాడిలా అందరికీ చెప్పి మరీ బయల్దేరేవాడు.

ఈమధ్య జిల్లాలు మళ్లీ మార్చి సూళ్లూరుపేటనూ సత్యవేడునూ తిరుపతి జిల్లాలో వేశారు. వెంటనే అత్తకు ఫోన్ చేశాను. "అత్తా, మీ ఊరూ మన ఊరూ ఒకటే జిల్లా అయినాయి."

అత్త కాసేపు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయనకు ఎవరు చెప్తారే? కాదు, మీ తాతకు" అని తడబడింది. ఎనభై దాటింది, మనుషులు కలగలిసిపోతున్నారు.

నేనే చెప్పాలి. ఆనాడు పరుగెత్తింది నేనే కదా. ఇప్పుడు మోకాళ్లు నాలుగు మెట్లకే మొరాయిస్తున్నాయి గానీ, ఆ అరుగూ దాని మీద మా తాతా ఉండి ఉంటే ఈ వయసులోనూ పరుగెత్తేదాన్ని. ఆయన అడిగే ప్రశ్నకు ఈసారి జవాబు నా దగ్గర ఉంది.