మెల్‌బోర్న్‌లో హోటలు గది

పెళ్ళయిన ఆరేళ్ళకు గాని నాకో విషయం తట్టలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాత్రి కూడా హోటలు గదిలో పడుకోలేదు. తిరుపతి వెళ్తే దేవస్థానం వాళ్ళ గదులు. హైదరాబాదు వెళ్తే బాబాయిగారిల్లు. పెళ్ళయిన కొత్తలో ఊటీ అని బయల్దేరితే దారిలో బెంగుళూరులో మా పిన్ని పట్టేసుకుంది. అక్కడే అయిదు రోజులు ఉండిపోయి, ఊటీ మొహం చూడకుండానే తెనాలి తిరిగొచ్చాం. సింగపూరు వచ్చిన మొదటి నెల కూడా పాసిర్ రిస్‌లో మా వారి స్నేహితుడి ఫ్లాట్‌లోనే గడిచింది. వాళ్ళు బంగారంలాంటి మనుషులు. అయినా ఒకరింట్లో ఉంటూ పొద్దున ఎన్నింటికి లేవాలి, వంటింట్లోకి ఎప్పుడు వెళ్ళాలి, బాత్రూములో ఎంతసేపు ఉండొచ్చు అని లెక్కలేసుకుంటూ బతకడం ఎంత పనో ఆడవాళ్ళకే తెలుసు. మా వారికి ఆ బాధ లేదు. ఎక్కడ సోఫా కనిపిస్తే అదే ఆయన సొంతిల్లు.

అందుకే మెల్‌బోర్న్ వెళ్దామని అనుకున్నప్పుడు నేను ఒక్కటే షరతు పెట్టాను. ఎక్కడికి తిప్పినా సరే, తిప్పకపోయినా సరే, ఉండేది మాత్రం హోటల్లో.

అవి కంప్యూటర్లలో తేదీలు తలకిందులవుతాయని లోకమంతా హడలిపోయి, చివరికి ఏమీ కాకపోయేసరికి ఊపిరి పీల్చుకున్న రోజులు. పాయా లేబర్‌లో మా వారి ఆఫీసువాళ్ళు కొత్త సంవత్సరం నాడు ఆయన్ను మానిటరు ముందు కాపలా కూర్చోబెట్టినందుకు రెండు రోజులు సెలవిచ్చారు. వాటిని గుడ్ ఫ్రైడేకి, శని ఆదివారాలకీ కలిపితే అయిదు రోజులు, నాలుగు రాత్రులు వచ్చాయి. అంతకుముందు మాకొచ్చిన ప్రతి సెలవూ ఇండియాలో ఎవరిదో ఒకరి పెళ్ళికో, గృహప్రవేశానికో రాసిపెట్టి ఉండేది. ఎవరి శుభకార్యమూ లేకుండా ఒక ఊరు వెళ్ళడం మాకదే మొదటిసారి.

బుకిట్ బటోక్‌లో మా భోజనాల బల్ల మీద మెల్‌బోర్న్ మ్యాపు పరుచుకుంది. సింగపూరులో చలి అంటే మాకు తెలిసింది ఆఫీసు ఏసీ చలే కాబట్టి, స్వెట్టర్ల కోసం తెలిసినవాళ్ళనల్లా అడిగాం. మా వారు ప్రయాణాన్ని కూడా ఆఫీసు ప్రాజెక్టులాగే చేశారు. గంట గంటకీ ఒక గడి గీసి ప్రింటు తీశారు. పదికి ట్రాము, పదకొండుకు మార్కెట్టు, పన్నెండూ ముప్పావుకు భోజనం. రెండో రోజు సాయంత్రం పెంగ్విన్లు సముద్రంలోంచి గట్టెక్కడం చూడాలట, దానికి సరిగ్గా నలభై నిమిషాలు.

"పెంగ్విన్లు ఆలస్యంగా వస్తేనో?" అన్నాను.

"బఫర్ పెట్టాన్లే," అన్నారు, తల ఎత్తకుండా.

హోటలు సంగతి మాత్రం నేనే చూసుకున్నాను. సెరంగూన్ రోడ్డులో టికెట్లు రాసే అంకుల్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఎప్పుడో ఓడలో వచ్చాడు. అంకుల్ తెలుగులో సగం తమిళం, కొంచెం మలాయి.

"ఈ రూము చూడమ్మా, కిటికీలోంచి నది తెరియుద్ది. మీ ఇద్దరికీ, పాపకీ బోలే, బోలే," అన్నాడు. ఆయన తెరియుద్ది అంటే కనిపిస్తుందని, బోలే అంటే కుదురుతుందని. గది ఖాయం చేసి, బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టాడు. దాన్ని తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. రెండు మంచాలు, తెల్లటి దుప్పట్లు, కిటికీ, అవతల నది. కూరగాయలు తీసినప్పుడల్లా దాన్ని చూసుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చాలా సంతోషంగా ఉండేది.

మెల్‌బోర్న్‌లో మా వారి పెదనాన్నగారి అబ్బాయి ఉన్నారు. ఆయన భార్య నాకు తోటికోడలు వరస, అక్కా అని పిలుస్తాను. నా పెళ్ళిలో ఒక్కసారి చూశానంతే. వస్తున్నాం, హోటల్లో దిగి ఒకపూట భోజనానికి వస్తాం అని మా వారు మెయిల్ పెట్టారు. మర్నాటి ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. ఆయన తీశారు. నేను వంటింట్లోంచి వింటున్నాను.

"అయ్యో, అదేం లేదొదినా. ఛ, అట్లా ఎందుకనుకుంటాం. సరే వదినా. సరే, సరే, మీ ఇష్టం."

నాలుగు ముక్కల్లో నా గది పోయింది. నేలమీద బొమ్మలేసుకుంటున్న మా నాలుగేళ్ళ పిల్ల నాకేసి చూసి, "డాడీ ఆల్వేస్ సే ఓకే లా," అంది.

"ఏమందేంటి అక్క?" అన్నాను.

"వాళ్ళిల్లుండగా హోటల్లో దిగితే నలుగురూ ఏమనుకుంటారంది."

"ఏ నలుగురండీ? ఆ ఊళ్ళో మనకి తెలిసిందే వాళ్ళిద్దరు."

ఆయన పేపరు తెరిచారు. పాపం, ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదని నాకూ తెలుసు. మా వైపు, చుట్టాలున్న ఊరికి వెళ్ళి లాడ్జీలో దిగారంటే, ఆ రెండిళ్ళ మధ్యా ఏదో గొడవ జరిగిందనే అర్థం. తెలిస్తే మాత్రం కోపం ఆగుతుందా? రెండు రోజులు ఆయనతో పిల్ల ద్వారానే మాట్లాడాను. ఆయన చప్పుడు చెయ్యకుండా గడుల కాగితంలో హోటలు అన్నచోట అన్నయ్య ఇల్లు అని మార్చి మళ్ళీ ప్రింటు తీశారు. వారం తిరక్కుండా అక్క ఇంకో ఇద్దరి ఇళ్ళల్లో మాకు భోజనాలు కూడా ఒప్పుకుంది. దాంతో పెంగ్విన్లూ పోయాయి. పెంగ్విన్ల గురించి నాకేమీ దిగుల్లేదు.

గది రద్దు చేయించడానికి వెళ్తే అంకుల్ నా మొహం చూసి, "కాన్సిల్‌కి ఏం తొందరమ్మా. శుక్రవారం దాకా పెట్టి ఉంచుతా, స్లోగా చెప్పు," అన్నాడు.

గురువారం పొద్దున, ఆయన ఆఫీసుకీ పిల్ల స్కూలుకీ వెళ్ళాక, కాలింగ్ కార్డు గీకి అక్కకు ఫోన్ చేశాను. సింగపూరు నుంచి ఏం తెమ్మంటారని మర్యాదకు అడుగుదామని.

"ఏం వద్దమ్మాయ్, ఇక్కడ ఎయిర్‌పోర్టులో కరివేపాకు రెబ్బ కూడా రానివ్వరు. మీ గది సర్దేశాలే. అందులో ఉన్న పిల్లల్ని హాల్లోకి మార్చా," అంది.

"ఏ పిల్లలక్కా?"

"హైదరాబాదు నుంచి ఉద్యోగాలకొచ్చిన కుర్రాళ్ళు. ఇల్లు దొరికేదాకా మనింట్లోనే ఉంటారు. వీళ్ళు పోతే ఇంకో ఇద్దరొస్తారు. మీ బావగారు ఎవర్నీ కాదనరుగా."

వెనక కుక్కరు కూస్తోంది. ఇప్పటికే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు తోడు మేము ముగ్గురం. నా గది కోసం కాకపోయినా, ఆవిడ కోసమైనా నోరు విప్పాలనిపించింది. మనసులో మాట దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాదు.

"అక్కా, మీరేం అనుకోనంటే ఒక మాట. నేను జన్మలో హోటల్లో ఉండలేదు. మీ ఇంటికి రావడం ఇష్టం లేక కాదు. ఒక్కసారి అట్లా ఉండాలని ఉంది."

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది. ఉన్న ఒక్క తోటికోడలినీ నోటి దురుసుతో పోగొట్టుకున్నాననుకున్నాను.

"ఎట్లా ఉంటుందంట ఆ గది?" అంది.

ఫ్రిజ్ మీది కాగితం చూస్తూ అంతా చెప్పాను.

"రెండు మంచాలా?"

"రెండక్కా."

"నది పక్కన అంటే నాకు తెలుసది. రోజూ ట్రాములో దాని ముందు నుంచే పోతా. ఏడేళ్ళయింది ఈ ఊరొచ్చి, నేను మాత్రం ఎప్పుడున్నా హోటల్లో?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక పని చెయ్యి. మూడు రాత్రులు మా ఇంట్లో ఉండండి. ఆఖరి రాత్రికి ఆ గది ఉంచు, నేనూ వస్తా. మీ పాపనీ, ఈ కుర్రాళ్ళనీ మగవాళ్ళు చూసుకుంటార్లే. మీ ఆయనకి నేను చెప్తా, నాకెదురు చెప్పలేడు."

నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. ఇన్నాళ్ళుగా ఈవిడ మీదనా నేను మండిపడింది అనుకున్నాను.

"మరి పొద్దున కాఫీ?" అంది అక్క.

"కింద హాల్లో వాళ్ళే ఇస్తారంట. మనం వెళ్ళి కూర్చోవడమే."

కుక్కరు ఇంకో కూత కూసింది. ఎవరో లోపలి నుంచి ఆంటీ అని పిలుస్తున్నారు. అక్క పలకలేదు.

"మనం ఎవరికీ ఇవ్వక్కర్లేదుగా?"

"అక్కర్లేదక్కా."

ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించుకుంది.