చేనుగలవాడి ఇష్టం

హోసూరులో బస్సెక్కిన దగ్గరనుంచీ ఒళ్లో కాగితం పెట్టుకుని రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. అప్పట్లో నేను రోడ్ల శాఖలో కొత్త ఇంజనీరుని. పల్లెలకు రోడ్లు వేయడానికి విదేశీ సాయం వస్తోంది. టెండర్లు అందరి ముందూ తెరవాలన్నారు ఆ సాయమిచ్చేవాళ్లు, న్యాయమే. ఏ ఊరికి ముందు వేయాలో కూడా తామే చెబుతామన్నారు. కాదంటే సాయం పోతుందేమోనని మా ఆఫీసంతా భయం. వాళ్లకు జవాబు రాసే పని నా మీద పడింది.

పక్కన గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి అడిగాడు. "ఏమప్పా, రాసిందంతా కొట్టేస్తా ఉండావు?"

చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఎరువు కోసరం చేనుగలోళ్లు మమ్మల్ని పిలుస్తారు, వాళ్ల చేన్లో మంద కడతాము. ముండ్లు ఏరెయ్యి, నీ కుక్కను కట్టెయ్ అంటాము. అంతవరకే. ఆమీట రాగులు చల్లుతాడో, అలసందలు చల్లుతాడో చేనుగలోడి ఇష్టం. మేమెట్ల చెప్తామప్పా?"

కొత్త కాగితం తీశాను. కుదుపుల్లోనే, అక్షరాలు వంకర్లు పోతున్నా గబగబా రాసేశాను: టెండర్లు అందరి ముందూ తెరుస్తాం, ఏ ఊరు ముందో మాత్రం మేమే చెబుతాం. తల ఎత్తేసరికి ఆయన సూళగిరిలో దిగిపోతున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాను.

నెల తిరక్కుండా వాళ్లు ఒప్పుకున్నారు! ఆఫీసులో ఒకటే కేకలు. మా పెద్ద ఇంజనీరు నా భుజం తట్టి కలం చేతికిచ్చాడు. "మొదటి ఊరి పేరు నువ్వే రాయవయ్యా."

సంబరంగా కాగితం మీదికి వంగాను. సూళగిరిలో దిగిన ఆ కాపరిది అసలు ఏ ఊరో నేను అడగనేలేదు.