జేజి పంచిన కారం

ఈ మాట నా డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: మా జేజి మీద చాడీ చెప్పింది నేనే. నిన్న కర్నూలులో పంటి డాక్టరు గాజుగుడ్డతో నా నాలుక కొస పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బుగ్గల లోపల అద్దం పెట్టి చూసి, అంతా బాగుందన్నప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి పుట్టిందేమోనని ఆయన కంగారుపడ్డాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి లేనిదే ముద్ద ముట్టని మా జేజి, అంటే నాయన తల్లి, ఉన్నట్టుండి ఆ కారాన్ని అమ్మ చూడకుండా నా కంచంలోకి తోసెయ్యడం మొదలుపెట్టింది. వక్కాకు, పొగాకు నమిలి దవడన పెట్టుకునే చోట తెల్లటి మచ్చ ఉండడం ఒకసారి ఆవులించినప్పుడు చూశాను.

"వేడి చేసిందిలే మే. ఆసుపత్రికి పోయిన మీ తాత మళ్లా వచ్చినాడా? మీ నాయనకు చెప్తివా, నా మీద ఒట్టు" అంది.

ఆ ఒట్టుకు భయపడి నెలరోజులు ఆమె వంతు కారం కూడా నేనే తిన్నాను.

తర్వాత నాకే పన్ను నొప్పి వచ్చి, జేజిని తోడు తీసుకుని కర్నూలు వెళ్లాను. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని దాన్ని కాబట్టి, డైరీలో కాగితం చించి రెండు ముక్కలు రాసి అక్కడి పంటి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె చదివి జేబులో వేసుకుని, నా పన్ను పని ముగించి, ఏమీ ఎరగనట్లు జేజిని కుర్చీలోకి పిలిచింది.

"నాకుండేవే నాలుగు పండ్లు. ఏం జూస్తావమ్మా, ఎంచుతావా?"

"పండ్లు కాదవ్వా, నోరు. వచ్చినోళ్లందరికీ చూస్తాం."

ఆ తెల్ల మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే, అయితే అప్పుడప్పుడే మొదలైందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. పొగాకును తిట్టుకుంటూనే మానేసిన జేజి, ఆ తర్వాత ఎనిమిదేళ్లు మాతో ఉంది. నా గుట్టు కాపాడిన ఆ డాక్టరమ్మకు కృతజ్ఞతలైనా చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు చీటీలు అక్కర్లేకుండానే నోరంతా చూస్తున్నారు. ఇంట్లో ఊరిబిండి మిక్సీలో నలుగుతోంది. నా కంచంలోకి తోసే చెయ్యే లేదు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, సంగటి పెట్టి పనికి బయలుదేరుతున్న నాతో జేజి అన్న చివరి మాట ఇది:

"ఆ పొద్దు నువ్వు చీటీ ఇచ్చేది సూసే నోరు తెరిస్తి. ఇంగ రోంత ఊరిబిండి ఎయ్యి పాపా."